మూట తెంచిన చుట్టం

కొండ అంచు ఇంకా బారెడు దూరం ఉందనగా పోలన గుర్రం మోకాళ్ల మీద కూలిపోయింది. దాని మెడ నిండా బాణాలు. పోలన వీపులో దిగాల్సిన బాణమొకటి, భుజాన వేలాడుతున్న మూటలో దిగి ఆగింది. వెనక నల్లరౌతులు కేకలు పెడుతూ ఎక్కి వస్తున్నారు. జ్వాలాదుర్గం మాంత్రికుడు అంగారకేతు పంపిన మనుషులు వాళ్లు.

అందరికంటే ముందున్నవాడు ఈటె ఎత్తి మీదికి దూకాడు. పోలన చచ్చిన గుర్రం చాటున ఒదిగి, ఈటె తల మీదుగా పోగానే లేచి, దాని కర్ర పట్టి లాగాడు. రౌతు జీను మీద నుంచి ఊడి నేల మీద పడ్డాడు. వాడు లేచేలోగా పోలన కత్తి వాడి గొంతులో దిగింది. చిందిన రక్తం చిందినచోటే బూడిదలోకి ఇంకిపోయింది.

మిగిలినవాళ్లు అందుకునేలోగా పోలన అంచు మీదికి ఎగబాకి అవతలికి చూశాడు. చూసి, వెనక తరుముతున్న చావును ఒక్క క్షణం మరిచిపోయాడు.

ఏ యుగంలోనో నిప్పులు కక్కి తల ఎగిరిపోయిన కొండ అది. ఆ పెద్ద గుంటలో ఇప్పుడు నీళ్లు నిలిచి ఉన్నాయి. ఒడ్డున లేత పచ్చ, లోపలికి పోయేకొద్దీ నెమలి మెడ రంగు. నడిమధ్య నల్లటి లంక ఒకటి ఎండకు అద్దం పెంకులా మెరుస్తోంది. తీరం పొడుగునా గంధకం పేరుకుని పసుపు రాసిన గడపలా ఉంది. దాని మీద అక్కడక్కడ ఉడుకు గుంటలు, వాటిలోంచి ఆవిరి తెల్లటి దారాల్లా పైకి లేస్తోంది. నీళ్ల మీద తేలే రాళ్లు బాతుల గుంపుల్లా గాలికి కదులుతున్నాయి. రాజుల పటాల్లో దాని పేరు నాభిసరస్సు. ఒడ్డున బతికేవాళ్లకు అది బొడ్డుమడుగు.

బాణం ఒకటి చెవి పక్కగా దూసుకుపోయింది. పోలన కళ్లు మూసుకుని బూడిద జారుడు మీదికి దూకేశాడు.

గుర్రాలు దిగలేని జారుడు అది. అందుకని రౌతులు పక్కనున్న కనుమలోకి గుర్రాల్ని మళ్లించారు. మడుగు ఒడ్డునున్న ఊళ్లోకి గుర్రాలకు దారి అదొక్కటే. రెండు బండల మధ్య ఇరుకు సందు. ముందున్న గుర్రం సందులోకి తిరిగిందో లేదో పై నుంచి ఎవరో "హోయ్!" అన్నారు. ఏనుగు తలంత బండ ఒకటి దొర్లి వచ్చి గుర్రాన్నీ రౌతునీ కలిపి గోడకు అంటించేసింది. వెనకవాళ్లు గుర్రాల్ని తిప్పుకుని పైకి పారిపోయారు.

పోలన ఊరి మధ్యకు దొర్లి ఆగాడు. నోటి నిండా బూడిద. కళ్లు తెరిస్తే ఎదురుగా ఒక ముసలామె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఊరి పెద్ద మారవ్వ.

"ఏం నాయనా, మా ఊరికి దారి లేదనుకున్నావా? పనసకాయలాగా కొండ మీంచి దొర్లి వచ్చావు!"

"దారి నిండా జనం అవ్వా. తొక్కిడి పడలేక ఇటు వచ్చాను."

"నోరు బాగానే ఉంది. కడుక్కో. ముందు తిను."

"నేనెవరో అడగవా?"

"అడిగి పెడితే బేరం. పెట్టి అడిగితే మర్యాద."

ఆ ఊళ్లో పొయ్యిలు లేవు. చేపల్ని ఆకుల్లో చుట్టి బుట్టలో పెట్టి ఉడుకు గుంటలోకి దించుతారు. మారవ్వ బుట్ట పైకి లాగి పోలన ముందు పెట్టింది. అతను తింటుండగా మూట తీసుకుపోయి జమ్ము తాడుతో గుడిసె నడిమి గుంజకు, నిట్టాడుకు కట్టింది. బాణం ఇంకా అందులోనే ఉంది.

"అది పీకొద్దా అవ్వా?" అని అడిగింది ఆమె మనవరాలు సింగి.

"ఉండనీవే. మూటకు కొమ్ము మొలిచినట్టు బాగుంది."

సింగి అన్న దుగ్గన అప్పుడే కనుమ మీద నుంచి దిగి వచ్చాడు. బండ దొర్లించింది అతనే. తలుపంత వెడల్పు మనిషి. వచ్చి పోలన పక్కన చతికిలబడి, అతని ఆకులో చేప ముక్క ఒకటి తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

"మూట అక్కడ వేలాడినన్నాళ్లు నువ్వు మా చుట్టానివి. మాలో ఎవరూ నీ మీద చెయ్యెత్తరు. నువ్వూ మా మీద ఎత్తకూడదు, ఊళ్లో ఇంకో చుట్టం ఉంటే వాడి మీదా ఎత్తకూడదు. పోయేనాడు అవ్వే ముడి విప్పి ఇస్తుంది. అర్థమైందా బావా?"

"బావా?"

"చుట్టం అన్నాక ఏదో వరస ఉండాలి కదా. అన్నా అంటే గౌరవించాలి. బావా అంటే ఏడిపించొచ్చు."

"ఆ ముడి నేనే తెంచుకుంటే?"

దుగ్గన నములుతున్నవాడల్లా ఆగాడు. "చుట్టరికం తెగినట్టే. మా నీళ్లు, మా నల్లగాజు నీకు ముట్టవు. అలా తెగినవాడు చుట్టం రక్తం కళ్లజూస్తే ఊరంతా రాయెత్తాలి. మడుగు దాటేదాకా తరిమి కొట్టాలి. అంత పాపం చేసినవాడు మా తాతల కాలంలో కూడా లేడులే, తిను."

పోలన అప్పుడు తను వచ్చిన పని చెప్పాడు. అతని అన్న కాటన జ్వాలాదుర్గం చెరలో ఉన్నాడు. వచ్చే అమావాస్యకు అంగారకేతు అతన్ని అగ్నిగుండంలో ఆహుతి ఇస్తాడు. మాంత్రికుడికి ఇనుముతో చావు లేదు. వాడి చర్మాన్ని చీల్చగలిగింది ఈ మడుగు లంకలో దొరికే నల్లగాజు రాయి ఒక్కటే.

"నల్లగాజు కత్తి చుట్టాలకే ఇస్తాం" అంది మారవ్వ. "నువ్వు చుట్టానివే కదా. సింగీ, మంచి రాయి చూడు."

కొన్నాళ్లు అలా గడిచాయి. సింగి గుడిసె ముందు కూర్చుని, జింక కొమ్ముతో నల్లగాజును అంచు అంచుగా రాల్చేది. పోలన పక్కనే కూర్చుని చూసేవాడు.

"ఇక్కడేం పని? ఇది చూపు బరువుకు కూడా పగులుతుంది. పో, మూటల మారాజా, పోయి చేపలు పట్టు."

అతను జమ్ము తెప్ప మీద దుగ్గనతో చేపలకు పోయేవాడు. బుట్ట ఎప్పుడు లాగాలో తెలియక వేళ్లు కాల్చుకునేవాడు. ఆడవాళ్లు పకపకా నవ్వి వేళ్లకు జమ్ము గుజ్జు పూసేవాళ్లు. కొండ అంచున మాత్రం నల్లరౌతులు గద్దల్లా కాచుకుని ఉన్నారు. కనుమ పైన బండలన్నీ మోకుల వలలో బిగించి ఉన్నాయి. ఆ వలను పట్టి ఉంచిన ముడి ఒక రాతి గుంజకు ఉంది. దాని దగ్గర వంతులవారీగా కాపలా, ఎక్కువ వంతులు దుగ్గనవే. ముడి కోస్తే బండలన్నీ ఒక్కసారిగా సందులోకి దిగి, దొర్లుకుంటూ మడుగులో పడతాయి. సందులో శత్రువు ఉన్నప్పుడు కోస్తే ఊరికి రక్ష. సందు ఖాళీగా ఉన్నప్పుడు కోస్తే దారి తెరిచి ఇచ్చినట్టే.

కత్తి పూర్తి కావడానికి ఇంకో పూట పని ఉందనగా, పొద్దున్నే కనుమలోంచి ఒక యాత్రికుడు తూలుతూ దిగి వచ్చాడు. మాసిన కాషాయం, భుజాన మూట, నుదుటి మీద గాయం.

"రౌతులు కొట్టారు తల్లీ. తీర్థానికి పోయేవాడిని. గుక్కెడు నీళ్లు..."

మారవ్వ పరుగున పోయింది. పేరు అడగలేదు. ముందు బుట్ట లాగింది. మూట తీసుకుని పోలన మూట పక్కనే నిట్టాడుకు కట్టింది. యాత్రికుడు తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, కాళ్లు చాపుకున్నాడు.

పోలన ఆ కాళ్ల వైపు చూశాడు. ఊళ్లు తిరిగే యాత్రికుడి మడమలు ఎండిన చెరువులా పగిలి ఉంటాయి. ఇతని మడమలు నున్నగా ఉన్నాయి. పాదాల పక్కల రికాబు ఒరిపిడికి కాసిన కాయలు మాత్రం ఉన్నాయి. పోలన మారవ్వను చాటుకు పిలిచాడు.

"అవ్వా, వాడు రౌతు. గుర్రం మీద పుట్టి పెరిగినవాడు. వాడి ముఖం ఇప్పుడు గుర్తొచ్చింది. మా అన్నను కట్టి ఈడ్చుకుపోయిన దళపతి కరాళుడు వాడే. గడ్డం పెంచాడు, అంతే."

మారవ్వ నిట్టాడు వైపు చూసింది. "తిన్నాడు. మూట వేలాడుతోంది. ఇక వాడు పామైనా నా చుట్టమే."

"కాటేసే పాము!"

"కాటేసే పామని తెలిసి ఎవరైనా పెడతారా నాయనా? పెట్టేశాను. నా చెయ్యి నేను వెనక్కి తీసుకోలేను. నువ్వూ చెయ్యెత్తకు. నీ అన్న కోసం ఓర్చుకో. పొద్దు వాలేసరికి కత్తి నీ చేతిలో పెట్టి, నీ ముడి నేనే విప్పుతాను."

కరాళుడు ఇదంతా వింటూనే ఉన్నాడు. లేచి, అన్నం బుట్ట ఒకటి చేతికి తీసుకుని చిరునవ్వు నవ్వాడు. "కనుమ మీద ఎవరో బాబు కాపలా ఉన్నాడట కదా అవ్వా. ఊరికే తిని కూర్చోవడం ఎందుకు, అతనికి అన్నం నేను పట్టుకుపోతాను." పోలన పక్కగా నడుస్తూ గొంతు తగ్గించాడు. "నిన్ను కూడా కట్టేశారుగా, తమ్ముడూ. తాడు కూడా కనిపించదు. ఎంత మంచి ఊరు!"

ఊరివాళ్లు వాడు ఎక్కిపోతుంటే చూస్తూ నిలబడ్డారు. వాడెవడో, ఎందుకు పోతున్నాడో అందరికీ అర్థమైంది. కానీ చుట్టం దారికి అడ్డం నిలబడటం కూడా చెయ్యెత్తడంతో సమానం. ఒకరి వెనక ఒకరు కింది నుంచి అరిచారు.

"దుగ్గనా! ముడి జాగ్రత్త!"

దుగ్గన విన్నాడు. కరాళుడు బుట్ట విసిరేసి కాషాయం మడతలోంచి కత్తి దూసేసరికి అతను గుంజ మీద పడి, రెండు చేతులా దాన్ని కావలించుకున్నాడు. ముడి అతని రొమ్ముకీ రాయికీ మధ్య ఉండిపోయింది.

"లేవరా ఎద్దూ!"

"చుట్టానివి. నిన్ను కొట్టను. లేవనూ లేవను."

కరాళుడు అతని వీపు మీద నరికాడు. దుగ్గన మూలిగాడు, కదల్లేదు. భుజం మీద నరికాడు. గుంజ వెనక పెనవేసుకున్న వేళ్ల మీద నరికాడు. రెండు వేళ్లు తెగి బండ మీద పడ్డాయి. దుగ్గన మిగిలిన వేళ్లతో మళ్లీ పట్టు బిగించాడు. పైన కొండ అంచున రౌతులు గుర్రాలెక్కి సందు మొదట్లో బారులు తీరారు. ముడి తెగే క్షణం కోసం చూస్తున్నారు.

కింద ఊరు ఊరంతా చేతుల్లో రాళ్లు పట్టుకుని నిలబడి ఉంది. వాడు చెయ్యెత్తినా వాడి మూట ఇంకా నిట్టాడుకు వేలాడుతూనే ఉంది, అందుకే ఒక్క రాయి లేవలేదు. మారవ్వ మనవడి వైపు చూస్తూ, తన చేతిని తనే కొరుక్కుంటోంది. రక్తం మోచేతి దాకా కారుతోంది.

పోలన గుడిసెలోకి దూకాడు. గడప దగ్గర సింగి కత్తి పని చేస్తున్న చోటే బిగుసుకుపోయి కూర్చుని ఉంది. ఒడిలో నల్లగాజు కత్తి. అంచు తయారైంది, పిడి ఒక్కటే చుట్టాలి.

"తెంచకు" అంది సింగి. "తెంచితే ఇది నీకు ఇవ్వలేను. మీ అన్న..."

"వాడు నీ అన్న" అన్నాడు పోలన పైకి చెయ్యి చూపించి. ఆ మాటతోటే తన ఇనుప కత్తి ఎత్తి జమ్ము తాడు మీద వేశాడు. మూట బాణంతో సహా నేల మీద పడింది. ఊరంతా ఒక్కసారిగా నిట్టూర్చింది.

మూట భుజాన తగిలించుకుని అతను కనుమ మీదికి పరుగెత్తాడు. బూడిద కాళ్ల కింద జారుతోంది. కరాళుడు అతన్ని చూసి దుగ్గనను వదిలి తిరిగాడు. మొదటి దెబ్బ పోలన కత్తి మీద పడి నిప్పురవ్వలు రాలాయి. రెండో దెబ్బకు పోలన పక్కటెముకల మీద చర్మం చీలిపోయింది. అతను వెనక్కి తగ్గలేదు. తగ్గడానికి చోటు లేదు, ఒక పక్క సందు, ఒక పక్క జారుడు.

కరాళుడు బలమైనవాడు. పోలన కత్తిని తన కత్తితో మెలిపెట్టి ఎగరేశాడు. అది గింగిరాలు తిరుగుతూ సందులో పడింది. "ఆఖరి మాట ఏమైనా ఉందా, తమ్ముడూ? మీ అన్నకు చెబుతాను."

పోలన తల వంచి పొట్టేలులా వాడి కడుపులో కుమ్మాడు. ఇద్దరూ కలిసి బండ మీద పడి దొర్లారు. అక్కడ బండ చీలికలోంచి ఆవిరి బుస్సుమని పైకి తన్నుతోంది. కరాళుడు పోలన గొంతు పట్టి నులుముతున్నాడు. పోలన కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. అయినా వాడి గడ్డం పట్టుకుని, పట్టు వదలకుండా వాడి ముఖాన్ని అంగుళం అంగుళం ఆవిరి మీదికి లాక్కొచ్చాడు. ఒక్క ఊపున నొక్కాడు. కరాళుడి కేక మడుగు అవతలి గట్టుకు కొట్టుకుని తిరిగి వచ్చింది. గొంతు మీద చేతులు సడలాయి. వాడు ఉడికిన ముఖాన్ని రెండు చేతులా పట్టుకుని గుడ్డిగా లేచాడు. పోలన వాడి కత్తే తీసుకుని వాడి రొమ్ములో పిడి దాకా దించాడు.

రౌతులు ఇక ఆగలేదు. దళపతి పడ్డాడని తెలిసి కేకలు పెడుతూ సందులోకి దూకారు. డెక్కల మోతకు కొండ అదిరింది.

"దుగ్గనా, పక్కకు దొర్లు!"

దుగ్గన దొర్లాడు. అతను దొర్లినచోట గుంజ ఎర్రగా తడిసి ఉంది. పోలన కరాళుడి రొమ్ములోంచి కత్తి లాగి, ముడి మీద ఆనించి, ఊపిరి బిగబట్టాడు. ముందున్న గుర్రం కింది మలుపుకు వచ్చింది. ఆఖరి గుర్రం పై మలుపు దాటింది. అప్పుడు కోశాడు.

కొండ కూలినట్టయింది. బండలు ఒకదాన్నొకటి తోసుకుంటూ సందు నిండా దిగాయి. గుర్రాల సకిలింపులు, మనుషుల కేకలు ఒక్కసారి లేచి ఒక్కసారి అణిగిపోయాయి. బండలు మడుగులోకి దూకినప్పుడు లేచిన అల ఒడ్డున తెప్పల్ని గుడిసెల దాకా విసిరికొట్టింది. దుమ్ము అణిగాక సందులో కదిలేది ఏదీ కనిపించలేదు.

దుగ్గన వెల్లకిలా పడి ఉన్నాడు. పోలన అతని వేళ్లకు గుడ్డ చుట్టబోయాడు. దుగ్గన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ముట్టుకోకు. ఇప్పుడు నువ్వు నా బావవి కావు." అతని కళ్ల నుంచి నీళ్లు బూడిద మీదికి కారుతున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది. "చుట్టాన్ని చంపినవాడివి. నా చేతులు బాగుంటే మొదటి రాయి నాదే. పరిగెత్తు... పరిగెత్తరా!"

పోలన కిందికి చూశాడు. ఊరంతా దారికి రెండు వైపులా నిలబడి ఉంది. వేళ్లకు జమ్ము గుజ్జు పూసిన ఆడవాళ్లు, తెప్పల మీద పాటలు పాడిన మగవాళ్లు. అందరి చేతుల్లో రాళ్లున్నాయి. అందరికంటే ముందు మారవ్వ నిలబడి ఉంది.

"నువ్వు మమ్మల్ని బతికించావు నాయనా" అంది ఆమె. "అది నా మనసుకు తెలుసు. నా చెయ్యికి తెలియకూడదు." ఆ చేత్తోనే మొదటి రాయి విసిరింది. అది పోలన నుదుటి మీద పగిలింది.

ఎవరూ మెల్లగా విసరలేదు. మెల్లగా విసిరితే అది ఆచారం కాదు, ఆట. పోలన మూటను తలకు అడ్డం పెట్టుకుని రాళ్ల వాన మధ్య నుంచి పరుగెత్తాడు. ఒక రాయి చెవి చీల్చింది. ఇంకోటి మోకాలు మీద పడి కూలదోసింది. లేచాడు. మళ్లీ పడ్డాడు. ఒడ్డుకు పాకి ఒక తెప్పను నీళ్లలోకి తోసి దాని మీద పడ్డాడు. తెడ్డు వేశాడు. చుట్టూ నీళ్లలో రాళ్లు చప్పుడు చేస్తున్నాయి. తేలే రాళ్లు పక్కకు జరిగి దారి ఇస్తున్నాయి.

నడుం లోతు నీళ్లలో ఎవరో వెంటపడుతున్న చప్పుడు వినిపించి వెనక్కి తిరిగాడు. సింగి. జుట్టు ఊడి ముఖం మీద పడింది. ఆమె చేతిలో రాయి లేదు.

చుట్టం కానివాడికి నల్లగాజు ఇవ్వకూడదు. తరిమేవాళ్లు మాత్రం చేతికి ఏది అందితే అది విసరొచ్చు.

"చావు, మూటల మారాజా!" అని గొంతు చించుకుని అరిచి, బలమంతా పెట్టి విసిరింది. నల్లగాజు కత్తి ఎండలో ఒక్కసారి తళుక్కుమని, పోలన తొడలో సగం దాకా దిగింది. ఎముకకు తగలకుండా, మెత్తని కండలో. చేపల కన్ను చూసి కొట్టే చెయ్యి అది.

పోలన పళ్లు బిగబట్టి కేకను మింగాడు. పీకడానికి చెయ్యి వేసి ఆగిపోయాడు. తెప్ప ఊగుతోంది. ఈ ఊపులో పీకితే మొన విరుగుతుంది. మొన విరిగితే కాటన బూడిదవుతాడు. తలపాగా చించి కత్తి కదలకుండా తొడకు బిగించి కట్టాడు. తెడ్డు మళ్లీ చేతికి తీసుకున్నాడు. వెనక ఒడ్డున రాళ్లు ఆగాయి. ఏడుపు మొదలైంది.

లంక పక్కగా తెప్ప తిప్పేసరికి అవతలి గట్టు కనిపించింది. ఆ గట్టు మీద నల్లటి గుర్రాలు బారులు తీరి ఉన్నాయి. అంగారకేతు రెండో దళం. నీటి అంచున విలుకాళ్లు ఒంటి మోకాలి మీద కూర్చుని బాణాలు సంధించారు. తిరిగి పోదామంటే వెనక ఒడ్డున అతనికి నీళ్లు కూడా ముట్టవు.

మొదటి బాణం తెప్ప ముక్కులో దిగింది. పోలన ఒక చేత్తో తొడలోని కత్తి చుట్టూ కట్టును అదిమి పట్టాడు. అన్న ప్రాణం అక్కడ దిగబడి ఉంది, వెచ్చగా, రక్తంతో పాటు కొట్టుకుంటూ. రెండో చేత్తో తెడ్డు వేసి, తెప్పను తిన్నగా ఆ విలుకాళ్ల మీదికి నడిపాడు.